ఆ ఫొటో ఎలా తీశారని ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక జిల్లా పేజీలో, పై సగమంతా పరుచుకుని, టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షుల ఫొటో వచ్చింది. చింతచెట్ల మీద నుంచి వందలాది గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఒక్కసారిగా లేచి ఆకాశాన్ని కప్పేసిన దృశ్యం. ఫొటో బాగుంది. పొద్దుటి వెలుగు చక్కగా పడింది, ఒక్క రెక్క కూడా మసకబారలేదు. సైబీరియా అతిథులు సంబరంగా విహరిస్తున్నాయని కింద రెండు వాక్యాలు రాశారు. నేను టీ తాగుతూ చూశాను. కళ్లజోడు మార్చుకుని మళ్లీ చూశాను. భూతద్దం పెట్టి చూస్తే అచ్చు చుక్కలు తప్ప ఏమీ తెలియలేదు. అప్పుడు మా అబ్బాయి అదే పేజీని ఫోనులో తెరిచి, పెద్దది చేసి నా చేతికిచ్చాడు.

కుడివైపు కింది మూలలో పుల్లల గూడు ఒకటి ఉంది. దాని అంచున మూడు తెల్లని ముద్దలు. అవి పిల్లలు. వాటి మీద తల్లీ లేదు, తండ్రీ లేదు. గూటి పక్క కొమ్మ మీదే రెండు కాకులు కూర్చుని ఉన్నాయి.

ఆ రెండు కాకుల గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవైంది, మన్నించండి. కుదించి వేసుకోవలసి వస్తే మిగతాది తీసేసినా ఫరవాలేదు, తేలినీలాపురంలో మేము చేసిన పని మాత్రం తీసేయకండి.

నాది ఆమదాలవలస. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా 2019లో పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి తన పాత కెమెరా, దానితోపాటు ఒక 70–300 లెన్సు నాకు ఇచ్చాడు. అప్పటినుంచి నెలలో రెండు ఆదివారాలు మేము నలుగురం బయలుదేరుతాం. నేను, మా తోడల్లుడు, హైస్కూల్లో బొమ్మలు నేర్పి రిటైరైన మాస్టారు, మా వీధి చివర మొబైల్ దుకాణం నడిపే కుర్రాడు. కారు తోడల్లుడిది. పులిహోర, పెరుగన్నం మా ఇంటి నుంచి. తెల్లవారుజామున బయలుదేరితే మడపాం వంతెన దాటేటప్పటికి వంశధార మీద తెలవారుతూ ఉంటుంది. అక్కడ ఎవరూ మాట్లాడరు. మాస్టారు మాత్రం కిటికీ అద్దం దించి, ఆ రంగును ఏమంటారో ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతారు.

ఈ జిల్లాలో ఫొటో తీసేవాడికి కరువు లేదు. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల పక్కన నిలబడితే కింద వంశధార, అది సముద్రంలో కలిసే కళింగపట్నం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. కళింగపట్నంలో దీపస్తంభం, పడవలు ఒడ్డుకు చేరే వేళ. ముఖలింగం గుడి గోడల మీద శిల్పాలకు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే రాతిలో ఊపిరి కదిలినట్టు ఉంటుంది. శ్రీకూర్మంలో తాబేళ్లు. పైడితల్లి సిరిమాను చూడటానికి రెండుసార్లు విజయనగరం కూడా వెళ్లాం. దసరా తర్వాతి మంగళవారం, అంత పొడవైన చింతమాను చివర పూజారి కూర్చుని గుడి నుంచి కోటకు మూడుసార్లు వెళ్లివస్తుంటే, జనం అరటిపండ్లు విసురుతుంటే, నా కెమెరాలో ఒక్క ఫొటో కూడా తిన్నగా రాలేదు. ఆ జనంలో నిలబడగలిగాను, అది చాలు.

ఈ తిరుగుళ్లలో నాకు ఫొటో తీయడం నేర్పింది పొందూరులో ఒక పెద్దావిడ. పొందూరు ఖాదీ గురించి మీ పాఠకులకు నేను చెప్పనక్కర లేదు. పత్తిని గింజ నుంచి వేరు చేయకముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడ ఎముక మీద సన్నని పళ్లు వరుసలుగా ఉంటాయి, దువ్వుతుంటే చెత్త పోయి పోగులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. అరచేతిలో పట్టే వస్తువు. ఆవిడ ఆ దవడతో దువ్వుతుంటే వెలుగు కోసం కొంచెం కిటికీ వైపు జరగమన్నాను. జరిగింది. చెయ్యి కొంచెం పైకెత్తమన్నాను. ఎత్తింది. ఒక్క క్షణం ఆపమన్నాను. అప్పుడావిడ నా వైపు చూసి, "ఫొటో తీసుకో బాబూ, కానీ పని ఆపమనకు. ఆపితే ఇక నువ్వు తీసేది నా పని కాదు కదా" అంది. ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా ఎక్కలేదు. అది 2019 డిసెంబరు. ఎక్కడానికి ఇంకొక నెల పట్టింది.

2020 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన ఆదివారం, మొదటిసారి తేలినీలాపురం వెళ్లాం. నరసన్నపేట, కోటబొమ్మాళి దాటి టెక్కలిలో టీ తాగి, ఊళ్లోకి వెళ్లేసరికి ఏడు కావస్తోంది. ఊరు చూడకముందే వాసన తెలుస్తుంది. చేపలు, రెట్టలు కలిసిన వాసన. చింతచెట్ల కింద పెంకులు, నేల, బావి గట్టు అన్నీ సున్నం చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ చెట్ల కింది ఇళ్లవాళ్లు వాకిట్లో బట్టలు ఆరేసుకోలేరు, వడియాలు పెట్టుకోలేరు. అయినా తరాలుగా ఆ పక్షుల మీద ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలతో సమానమని చెబుతారు. సెప్టెంబరులో వస్తాయి, గూడు కట్టుకుంటాయి, పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి దాటుతుండగా వెళ్లిపోతాయి. అవి రాని ఏడాది ఊరికి మంచిది కాదని ఆ ఊరివాళ్ల నమ్మకం.

నాకు ఆ రోజు ఇవేవీ పట్టలేదు. నా లెన్సు చిన్నది. పక్షులేమో కొమ్మల మధ్య ఒదిగి కూర్చున్నాయి. ఏ వైపు నుంచి చూసినా ఆకులు అడ్డు. గంటసేపు తిరిగాను. మంచి వెలుగు పోతోందన్న ఆత్రం ఎక్కువైంది. మొబైల్ దుకాణం కుర్రాడిని పిలిచి, అవి ఒకసారి లేచేలా చూడమని చెప్పింది నేనే. అతనికి నా మాటంటే గౌరవం, "అలాగే బాబాయ్" అన్నాడు. చెట్టు కిందికి వెళ్లి, అక్కడ పడి ఉన్న నూనె డబ్బా రేకును రాయితో నాలుగు దెబ్బలు కొట్టాడు.

చెట్టంతా లేచిపోయింది. అంత పెద్ద రెక్కలు ఒక్కసారి కొట్టుకుంటే వచ్చే చప్పుడు మీరు వినకపోతే చెప్పడం కష్టం. తడి దుప్పట్లను వందమంది ఒకేసారి దులిపినట్టు ఉంటుంది. నేను వేలు తీయలేదు. అరనిమిషంలో నూటికి పైగా ఫొటోలు.

ఆ రెక్కల చప్పుడు తగ్గుతుండగా నేల మీద ఏదో పడిన శబ్దం వినిపించింది.

ఆ శబ్దం నాకు తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని చదును చేసేసినప్పుడు మేమంతా స్తంభాలు నిలబెట్టడానికి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాం. కొబ్బరిచెట్లు తోటలకు తోటలే పడుకుని ఉన్నాయి. వారాల తరబడి ఇంటి ముఖం చూడలేదు. అక్కడ ఒక సాయంత్రం మాతో పనిచేసే కుర్రాడు 8 మీటర్ల స్తంభం మీద నుంచి జారి పడ్డాడు. బతికాడు, తుంటి ఎముక విరిగింది. అంత ఎత్తు నుంచి పడిన ఒంటి చప్పుడు ఒకసారి విన్నవాడు మరచిపోడు. చింతచెట్టు కింద విన్నది దానికంటే చిన్నది, కానీ అదే చప్పుడు.

గూడబాతు పిల్ల. ఒళ్లంతా తెల్లని నూగు, ఇంకా ఈకలు రాలేదు. కోడిపెట్ట అంత ఉంది. ఒక రెక్క కింద మడతపడిపోయింది. ముక్కు కింద గొంతు సంచీ పల్చగా, గులాబీ రంగు చర్మంతో, గబగబా కొట్టుకుంటోంది. లోపల సన్నని నరాలు కూడా కనిపిస్తున్నాయి. దాని నోటి నుంచి సగం అరిగిన చిన్న చేప ఒకటి జారి మట్టిలో పడింది. కాసేపటి కిందటే తల్లో తండ్రో తెచ్చి పెట్టిన చేప అది.

పక్కింటి మామ్మ బయటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగు నడుముకు దోపుకుని, దాన్ని రెండు చేతులతో ఎత్తి వెదురు బుట్టలో పెట్టింది. మా వైపు చూడకుండానే, "పైనున్నవాళ్లు కిందికి దిగరు బాబూ. కింద పడిన పిల్లకు తిండి పెట్టరు" అంది. అంతే. మా తోడల్లుడు టెక్కలి పోయి చిన్న చేపలు తెచ్చాడు. అది నోరు తెరవలేదు. మధ్యాహ్నం అటవీ శాఖ సిబ్బంది వచ్చి తీసుకెళ్లారు. రాత్రి తొమ్మిదింటికి మాస్టారు ఫోను చేసి కనుక్కున్నారు. పోయిందట.

ఆనాటి ఫొటోల్లో ఒకటి అద్భుతంగా వచ్చింది. ఇప్పుడు మీరు వేసినదాని కంటే బాగుంటుంది. నేను దాన్ని ఒక పత్రికకు పంపాను. పంపవలసింది కాదు, పంపాను. పది రోజుల్లో పెద్దదిగా అచ్చయింది, కింద నా పేరు. చుట్టాలు ఫోన్లు చేశారు. శాఖలో నాతో పనిచేసినవాళ్లు వచ్చి శాలువా కప్పారు. ఆ ఫొటో ఎలా తీశావని నన్ను ఎవరూ అడగలేదు. పత్రికవాళ్లు అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చెప్పి ఉండేవాడిని, ఆ ఫొటో అచ్చయ్యేది కాదు. తర్వాతి నెలలో మేము మళ్లీ వెళ్లేసరికి, అదే చెట్టు కింద ఇద్దరు కుర్రాళ్లు చప్పట్లు కొడుతూ నిలబడి ఉన్నారు. ఒకతని ఫోనులో, అదే కోణంలో తీయాలని, నా ఫొటో తెరిచి ఉంది.

అందుకే మీకు రాస్తున్నాను. మీ పేజీలో ఒక ఫొటో పడిందంటే అది ఇలా తీయాలి అని చెప్పినట్టే. ఎలా తీశారని మీరు అడగకపోతే, ఎలా తీసినా ఫరవాలేదని చెప్పినట్టే.

ఆ తర్వాత కొన్ని సంగతులు నేర్చుకున్నాను. గూడబాతు సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజుల పాటు ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి. పిల్లలు మూడు నెలలకు పైగా తల్లిదండ్రుల మీదే ఆధారపడతాయి. తల్లీ తండ్రీ రెండూ నౌపడా ఉప్పు మడుల వైపు, తంపరల (చిత్తడి నేలల) వైపు వెళ్లి చేపలు పట్టి, గొంతులో తెచ్చి పెడతాయి. ఎర్రకాళ్ల కొంగలైతే మిట్టమధ్యాహ్నం పిల్లల మీద రెక్కలు గొడుగులా విప్పి ఎండకు అడ్డంగా నిలబడతాయి. నోటితో నీళ్లు తెచ్చి పిల్లల మీద కక్కి చల్లబరుస్తాయి. అలా నిలబడిన పక్షిని చప్పట్లు కొట్టి లేపితే ఎండ నేరుగా ఆ పిల్లల ఒంటి మీద పడుతుంది. నూగు తప్ప మరేమీ లేని ఒళ్లది. కాకి కూడా సరిగ్గా ఆ సమయానికే వస్తుంది. దానికి గడియారం అక్కర లేదు, డబ్బా చప్పుడు చాలు. పెద్ద పక్షులు భయంతో ఒక్కసారి లేచినప్పుడు వాటి కాళ్లకు, రెక్కలకు తగిలే పిల్లలు జారిపడతాయి. మా చేతుల మీదుగా జరిగింది అదే.

అటవీ శాఖ ఉద్యోగి ఒకరు చెబితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చుకుని చదివాను. అందులో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడం, తరమడం మాత్రమే లేవు. అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం కూడా ఉంది. తుపాకీ పట్టినవాడూ, రేకు డబ్బా కొట్టించిన నేనూ ఒకే పదం కిందికి వస్తాం. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. ఇప్పుడు మా బృందంలోకి కొత్తవాళ్లు ఎవరు వచ్చినా ఆ పేజీ ముందుగా చదివిస్తాను.

అరసవల్లి సూర్యదేవుడి గుడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ తెల్లవారుతుండగా సూర్యకిరణాలు తిన్నగా లోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఈ ప్రాంతంలో ఫొటో తీసేవాడు జీవితంలో ఒక్కసారైనా తీయాలనుకునే వెలుగు అది. కానీ మూలవిరాట్టును ఫొటో తీయనివ్వరు. మొదటిసారి మేము వెళ్లిన మార్చిలో మబ్బు పట్టింది, కిరణాలు రాలేదు. రెండోసారి వచ్చాయి. కెమెరా కారులో వదిలి వెళ్లాను. వందలమందిమి ఊపిరి బిగబట్టి చూశాం, చేతులు జోడించాం, బయటికి వచ్చాం. ఒక్కరు కూడా నియమం అన్యాయమని గొడవ పడలేదు. గర్భగుడిలో కెమెరా వద్దంటే అందరికీ అర్థమవుతుంది. అదే మనుషులు చింతచెట్టు కింద రాయి తీసుకుంటారు. గుడ్లున్న గూడు కూడా గర్భగుడే అని మాస్టారు అన్నారు. ఆయన మామూలుగా పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు.

మరొక మాట, ఆ సైబీరియా గురించి. ఏటా అన్ని పత్రికలూ రాస్తున్నాయి, ఊళ్లోనూ అంటున్నారు, పిల్లలు బడిలో అదే చెబుతున్నారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి రావు. అవి మన ఉపఖండపు పక్షులు. కొల్లేరులో ఉంటాయి, నేలపట్టులో గూళ్లు కడతాయి, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కనిపిస్తాయి. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి నిజంగా వచ్చే బాతులు, ఉల్లంకి పిట్టలు వేరే ఉన్నాయి. నౌపడా మడుల్లో చూడవచ్చు. అవి ఇక్కడ తిండి తిని వెళతాయి, గూడు కట్టవు. గూడు కట్టి పిల్లలను కన్న పక్షి ఊరు అదే. తేలినీలాపురం చింతచెట్టు మీద పుట్టిన పిల్లను సైబీరియా అతిథి అంటే దాని పుట్టుకనే కాదన్నట్టు. అంతేకాదు, అంత దూరం నుంచి వచ్చే పక్షి అంటే చూసేవాడికి అదొక వింత, ప్రదర్శన. మన ఊరి పక్షి అంటే దానికి కావలసిన చెట్టు, తంపర, చేప గురించి ఆలోచిస్తాడు. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని, సోంపేట బీల (చిత్తడి నేల) కోసం మనుషులు ఎంత పోరాడారో ఈ జిల్లాలో మరచినవారు లేరు. 2010లో ప్రాణాలు కూడా పోయాయి. తంపర, బీల అంటే ఖాళీ స్థలం కాదని అక్కడివాళ్లకు తెలుసు. పక్షులకు అంతకు ముందే తెలుసు. వచ్చే ఏడాదైనా ఆ ఒక్క పదం మార్చి రాయండి.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి కూడా చూడండి. అక్కడికి వానలతో పాటు మరొక రకం కొంగలు వస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, దానితో పొలాల్లో నత్తలను పట్టి తింటాయి. అవి ఊళ్లోకి దిగితే వానలు బాగుంటాయని రైతులు సంతోషిస్తారు. మేము జులైలో వెళ్లినప్పుడు ఒక ఇంటాయన మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, కెమెరాలు బయటికి తీసేముందు ఒక షరతు పెట్టాడు. చెట్టు కిందికి పోవద్దు, అరుగు మీద నుంచే తీసుకోండి, ఎంతసేపైనా కూర్చోండి, మంచినీళ్లు ఇస్తాను అన్నాడు. అయిదు గంటలు కూర్చున్నాం. ఆ రోజు తీసిన ఫొటోలు తక్కువ. కానీ పక్షులు గూటి పుల్లలు ఒకదాని నుంచి ఒకటి దొంగిలించుకోవడం, దొంగిలించిన పుల్లను మూడోది లాక్కుపోవడం చూసి మా తోడల్లుడు నవ్వాపుకోలేకపోయాడు. లేచి ఎగిరిపోయిన పక్షి ఇవేవీ చూపించదు. దాని వీపు మాత్రమే కనిపిస్తుంది.

బారువ తీరంలో తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలేటప్పుడు కూడా వెళ్లాం. వెలుగు ఎటుంటే అటు నడవడం వాటి స్వభావం, అందుకే టార్చి వేసినా ఫ్లాష్ కొట్టినా దారి తప్పుతాయి. మేము ఫ్లాష్‌లు విప్పి కారులోనే పెట్టేశాం. ఫొటోలన్నీ నల్లగా వచ్చాయి. ఒక్కదానిలో మాత్రం తడి ఇసుక మీద చిన్న చిన్న గీతల జత, అది నీళ్లలో కలిసేచోటు, కనిపిస్తున్నాయి. మాస్టారు దాన్ని తన గదిలో పెట్టుకున్నారు.

ఇప్పుడు రేకు డబ్బాల రోజులు పోయి డ్రోన్లు వచ్చాయి. కిందటి డిసెంబరులో తేలినీలాపురంలో ఒకటి చూశాను. పెళ్లి ఫొటోలకు వాడే డ్రోన్, సరిగ్గా గూళ్ల ఎత్తున తిప్పారు. గూడబాతుకు రెండు మీటర్లకు పైనే రెక్కల వెడల్పు ఉంటుంది. అంతటి పక్షి ఆ తుమ్మెద మోతకు గుడ్ల మీద నుంచి లేచి, చెట్టు చుట్టూ తిరిగి, దిగలేక మళ్లీ తిరిగింది. నడిపే కుర్రాడితో మాట్లాడాను. చెడ్డవాడు కాదు. పోయిన ఏడాది ఎవరో అలా తీసిన వీడియో బాగా చూశారట, తానూ తీయాలని వచ్చాడు. నేను నా సంగతి చెప్పాను. డ్రోన్ దించేశాడు. అలా చెప్పడానికి ప్రతి ఆదివారం ప్రతి చెట్టు కింద నేను ఉండలేను. మీరు ఉండగలరు. మీ పత్రిక ఆ ఊరి టీ దుకాణంలోనూ ఉంటుంది.

గత ఆదివారం ఫొటో తీసినవారిని నేను తప్పుపట్టడం లేదు. పక్షులను ఆయనే లేపారని నాకు తెలియదు. మరెవరో లేపితే ఈయన తీసి ఉండవచ్చు, డేగ ఏదైనా వచ్చి ఉండవచ్చు. ఆయన్ని అడగండి. ఇకముందు గూళ్ల మీది పక్షుల ఫొటో ఎవరు పంపినా, ఎంత దూరం నుంచి తీశారు, ఎంతసేపు కూర్చున్నారు, పక్షి ఎందుకు లేచింది అని అడిగి, ఆ జవాబును ఫొటో కింద ఒక్క వాక్యంగా వేయండి. జవాబు సరిగా లేకపోతే ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టండి. మంచి ఫొటో పోతుందన్న బాధ మీకు ఉంటుంది. నాకూ ఉంది, అలాంటి ఫొటో తీసినవాడిని కాబట్టి అది ఎంత మంచిదో కూడా నాకు తెలుసు.

నేను అప్పట్లో అచ్చు వేయించుకున్న ఫొటోను అడిగినవాళ్లకు ఇప్పటికీ చూపిస్తాను. దానితోపాటు బుట్టలో పిల్లను మాస్టారు తీసిన ఫొటో కూడా చూపిస్తాను. రెండూ ఒకే కవరులో ఉంటాయి.

ఈ ఉత్తరంతో వేరొక ఫొటో జత చేస్తున్నాను. పోయిన ఫిబ్రవరిలో, అదే మామ్మగారి ఇంటి వసారాలో, స్తంభానికి ఆనుకుని కూర్చుని తీశాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. ఏమీ అనలేదు, పీట వేసింది. పదకొండు నుంచి మూడున్నర వరకు అక్కడే ఉన్నాను. ఎర్రకాళ్ల కొంగ ఒకటి ఎండకు అడ్డంగా రెక్కలు విప్పి నిలబడి ఉంది, దాని నీడలో రెండు పిల్లలు. ముందు ఒక కొమ్మ అడ్డం వచ్చింది, కొంగ ముఖం సగమే కనిపిస్తుంది. ఎడమవైపు కరెంటు తీగ కూడా పడింది, అది తప్పించడం నా వల్ల కాలేదు. అచ్చుకు పనికొస్తుందో లేదో మీరే చూడండి. ఎలా తీశానో వెనుక రాశాను.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా